మా లంకకు లిఫ్టు వచ్చిన వైనం

నిరుపేద యువతను పైకి తీసుకురావడం ప్రభుత్వ విధానం. ఎంత పైకి అన్నది ఇంకా పరిశీలనలో ఉంది. ఈలోగా గోదావరి మధ్యనున్న మా లంకలో యువ ఊర్ధ్వగమన పథకం ప్రారంభమైంది (పేరు చూసి కంగారుపడకండి, ఇది బతికున్నవాళ్లకే).

నేర్పాల్సిన పనుల్లో కుట్టుపనిని కాకినాడ వాళ్లు, సెల్‌ఫోన్ రిపేరును పెద్దాపురం వాళ్లు ముందే పట్టుకుపోయారు. మాకు మిగిలింది లిఫ్ట్ ఆపరేటర్ కోర్సు. మా లంకలో లిఫ్టు లేదు. లిఫ్టెక్కి వెళ్లడానికి మేడా లేదు. ఊరంతటికీ ఎత్తైనది చర్చి గంట. దాన్ని కూడా కిందే నిలబడి తాడుతో లాగుతాం.

"లిఫ్టు లేని చోటే కదండీ లిఫ్ట్ ఆపరేటర్ల కొరత ఉండేది?" అన్నారు పథకం ఉప సంచాలకులు గోపాలకృష్ణమూర్తి గారు. ఇంతటి తర్కానికి ఎదురు చెప్పే చదువు మా ఊళ్లో ఎవరికీ లేదు.

చేరినవాళ్లలో హెలెన్ ఒకతి. డిగ్రీ పాసైనా ఉద్యోగం రాలేదు. తల్లి సంపూర్ణమ్మ అరిగిపోయిన మోకాళ్లతోనే ఏరు దాటి ఊడ్పులకు వెళుతోంది. తనకో జీతం వస్తే అమ్మను ఆ బురదలోంచి గట్టెక్కించాలని ఆ పిల్ల ఆరాటం. (ఈ పేరాలో నవ్వడానికేమీ లేదు, ముందుకు సాగండి.)

శిక్షణకు లిఫ్టు కావాలి గనక పంచాయతీ ఆఫీసు బీరువా ఖాళీ చేశారు. అభ్యర్థి లోపల నిలబడి, తలుపు మూసుకుని, "మూడో అంతస్తండీ" అని తలుపు తీయాలి. ఎదురుగా ఎప్పుడూ సెక్రటరీ గారి టేబులే కనిపించేది. దాన్నే మూడో అంతస్తుగా భావించాలని సర్క్యులర్ వచ్చింది. ఓరోజు హెలెన్ లోపలుండగా బయట గడియ పడి బిగుసుకుపోయింది. తాళాలాయన వచ్చేదాకా ఆమె లోపల్నుంచే, "కంగారు పడకండి, కరెంటొచ్చేస్తుందండీ" అని బయటివాళ్లకు ధైర్యం చెబుతూ కూర్చుంది. దాన్ని ప్రాక్టికల్ పరీక్షగా పరిగణించి ఫస్టున పాస్ చేశారు.

పాసైనవాళ్లకు ఉద్యోగం చూపకపోతే పథకం ఫెయిలైనట్టు. ఫెయిలవడానికి పథకానికి అనుమతి లేదు. అందుకని నిజం లిఫ్టునే పంటు మీద ఏరు దాటించి తెచ్చి, మేడలేని ఆ పంచాయతీ ఆఫీసులో బిగించి, హెలెన్‌కు ఉద్యోగం ఇచ్చారు. లిఫ్టుకు రెండు వైపులా తలుపులు. జనం ఇటు ఎక్కేవారు, హెలెన్ మీట నొక్కేది, అటు దిగేవారు.

"ఏంటే, ఇది పైకెళ్లదా?" అంది చూడ్డానికొచ్చిన సంపూర్ణమ్మ.

"పైన శ్లాబుందమ్మా."

"పోన్లే తల్లీ, కింద పడే భయం లేదు."

ఆ ఏడు సార్వా పంటకు సంపూర్ణమ్మ ఊడ్పులకు వెళ్లలేదు. అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లందరికీ "మా అమ్మాయి లిఫ్టాఫీసరండీ" అని చెప్పేది. నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషమేసింది.

అంతలో ఆడిట్ వాళ్లొచ్చి, లిఫ్టు ఉండీ మేడ లేకపోవడం దుబారా అన్నారు. వెంటనే మేడ మంజూరైంది. హెలెన్ ఇంట్లో అద్దం ముందు "మొదటి అంతస్తండీ" అని సాధన చేసింది. మేడ లేచింది, వెనకాలే ఉత్తర్వూ వచ్చింది. కదిలే లిఫ్టులన్నీ ఆటోమేటిక్‌గా ఉండాలట. ఆపరేటరు పోస్టు కదలని లిఫ్టులకే వర్తిస్తుందట.

"నేనేం చేయాలండీ?" అని అడిగింది హెలెన్.

"పథకం మిమ్మల్ని పైకి తెచ్చేసిందండీ. ఇక మీ కాళ్ల మీద మీరు నిలబడాలి," అంటూ మూర్తి గారు తానే మీట నొక్కుకుని పైకి వెళ్లిపోయారు.

రెండో పంట దాళ్వా ఊడ్పులకు సంపూర్ణమ్మతో పాటు హెలెన్ కూడా ఏరు దాటింది. ఆ ఇంట్లో ఇంతకుముందు ఒక్కరికే పని ఉండేదనీ, పథకం వల్ల ఇప్పుడు ఇద్దరికి దొరికిందనీ మూర్తి గారు నివేదిక పంపారు.