204 తలుపు

ఆ రోజు పొద్దున ఇందిరాదేవి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికల్లా ఫ్లాస్కు నిండా కాఫీ కలిపి, మనుషులున్న ప్రతి గది తలుపూ తట్టి, లోపలివాళ్లు బతికే ఉన్నారని చెవులారా విని కిందికి దిగడం. గవర్నర్‌పేటలో లాడ్జి పెట్టినప్పటి నుంచీ ఆమె చేస్తున్న పని అదే. కాఫీ ఒక వంక మాత్రమే.

అయితే ఈ నెలలో కూతురు కీర్తన హోటల్ మేనేజ్‌మెంట్ చదువు ముగించుకుని వచ్చి కౌంటర్లో కూర్చుంది. కూర్చోగానే రెండు రూల్సు పెట్టింది. గెస్టులు బయటికి వెళ్తూ తాళంచెవి కౌంటర్లో ఇవ్వక్కర్లేదు. 'డు నాట్ డిస్టర్బ్' బోర్డు వేలాడే తలుపును ఎవరూ తట్టకూడదు. తండ్రి కోటేశ్వరరావు ఒక్కటే షరతు పెట్టాడు: "నెలాఖరులోగా ఒక్క రోజు పన్నెండు గదులూ నింపు, లాడ్జి నీది. లేదంటే గోడౌనుకి ఇచ్చేస్తా." ఆ రోజే నెలాఖరు. నిండినవి ఏడు.

ఆరింటికి 204కి బోర్డు వేలాడుతోంది. పదకొండైనా అలాగే ఉంది.

"మనిషి పోయాడేమోనే!" అంది ఇందిరాదేవి.

"పడుకునుంటాడమ్మా. గెస్టు ప్రైవసీ."

"పోయాక ప్రైవసీ దేనికే? రాత్రి నేను పడుకున్నాక దిగాడు, మొహమైనా చూడలేదు. పెడన నుంచి చీరలమ్ముకోవడానికొచ్చిన మనిషి పదకొండింటిదాకా పడుకుంటాడా?"

ఆమె పోరు పడలేక కీర్తన ఆ గెస్టు తిరుపతిరావు సెల్‌కి ఫోన్ చేసింది. ఫోను 204 లోపలే మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఈసారి కీర్తన మొహంలో కూడా రంగు మారింది.

"మాస్టర్ కీ ఇవ్వమ్మా."

"దొంగలెత్తుకుపోతారని మొన్ననే జాగ్రత్త చేశాను."

"ఎక్కడ?"

"నాకే గుర్తులేదంటే ఎంత జాగ్రత్తగా పెట్టానో చూడు!"

కీర్తన స్కూటీ ఎక్కి, తాళాలు విప్పే లాజరు కోసం ఆటోనగర్‌కి పరుగెత్తింది. ఆమె అటు వెళ్లగానే ఇందిరాదేవి రిజిస్టరు తిరగేసి, తిరుపతిరావు ఇంటి నంబరు పట్టుకుని పెడనకి ఫోన్ చేసింది.

"అమ్మా, కంగారుపడకండి. గుండె దిటవు చేసుకోండి. మీవారు తలుపు తీయడం లేదు. ఏడవకండి."

అప్పటిదాకా ఆయన భార్య బాలత్రిపురసుందరి ఏడవడం లేదు. పప్పుకి పోపు పెడుతోంది. ఏడవకండి అన్నాకే ఏడవాలని తెలిసింది. ఆ ఏడుపుకి వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి.

లాజరు వచ్చేసరికి రెండైంది. తాళం చూసి పెదవి విరిచాడు. "పాతకాలం సరుకమ్మా, లొంగదు. తలుపే కొయ్యాలి." మిషను కీచుమనగానే గెస్టులందరూ వరండాలో గుమిగూడారు. కిళ్లీ నములుతూ అప్పుడే మెట్లెక్కి వచ్చిన ఒకాయన గుంపు వెనక, తలుపు కనపడనిచోట, ఇందిరాదేవి పక్కన నిలబడ్డాడు.

"ఏమైందండీ?"

"లోపల ఒకాయన పోయారండీ," కొంగుతో కళ్లొత్తుకుంది ఆమె.

"అయ్యయ్యో! ఎన్నేళ్లుంటాయి?"

"యాభై రెండు. రిజిస్టర్లో చూశాను."

"నా ఈడే!" ఆయన కళ్లు చెమర్చాయి. కండువా తీసి చేతులు జోడించాడు. "పిల్లలున్నారో ఏమో పాపం."

తలుపు దభీమని లోపలికి పడింది, జనం పక్కకి తప్పుకున్నారు. మంచం నిండా చీరలు, గోడకి చార్జింగు పెట్టిన ఫోను. మనిషి లేడు.

"ఓరి నాయనో, నా చీరలు!" అని పక్కనున్న పెద్దమనిషి కేక పెట్టాడు. "చీరలు ఎవరూ ముట్టుకోకుండా బోర్డు తగిలించి తెల్లారే కొట్లకెళ్లానండీ. తాళంచెవి జేబులో పెట్టుకోమని మీ అమ్మాయేగా చెప్పింది!"

అదే సమయానికి పెడన నుంచి వచ్చిన వ్యాను వాకిట్లో ఆగింది. పద్దెనిమిది మంది గొల్లుమంటూ దిగారు. అందరికంటే ముందు మెట్లెక్కిన బాలత్రిపురసుందరి మొగుణ్ని చూసి కొయ్యబారిపోయింది.

"మేం దారంతా ఏడ్చుకుంటూ వస్తుంటే, మీరు కిళ్లీ నములుతున్నారా?" అంటూ చేతిసంచీతో వీపున ఒకటిచ్చుకుంది. ఆ వెంటనే ఇందిరాదేవిని వాటేసుకుని భోరుమంది. అంతలోనే వెనక్కి తగ్గింది.

"ఇదేంటి వదినగారూ, గుచ్చుకుంటోంది?"

పుస్తెలతాడుకి పిన్నీసుతో బిగించిన మాస్టర్ కీ అది. కీర్తన దాన్ని చూసింది, కింద పడున్న తలుపును చూసింది. లాజరు చప్పుడు చేయకుండా సామాన్లు సర్దుకున్నాడు.

"ఇంతదూరం వచ్చాం, దుర్గమ్మని చూసి రేపే వెళ్దాం," అన్నారు పెడన వాళ్లు. తిరుపతిరావుతో కలిపి ఖాళీగా ఉన్న ఐదు గదుల్లోనూ సర్దుకున్నారు. సాయంత్రం కోటేశ్వరరావు వచ్చి లెక్క చూశాడు.

"పదకొండే."

"204 ఉందిగా నాన్నా."

"తలుపు లేని గదిలో ఎవరుంటారే?"

కీర్తన కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు గడియలు వేస్తేగానీ నిద్రపట్టని ఇందిరాదేవి కూతుర్ని చూసింది, రిజిస్టరు తన ముందుకు లాక్కుంది. 204 ఎదురుగా వంకర అక్షరాలతో తన పేరు రాసింది. 'వచ్చిన పని' అన్నచోట 'భయం' అని రాసింది.

"పన్నెండు," అన్నాడు కోటేశ్వరరావు నీరసంగా. కీర్తన అమ్మను ముద్దుపెట్టుకుని, 204 గుమ్మానికున్న మేకుకి బోర్డు తగిలించింది.

మర్నాడు ఇందిరాదేవి 204లో ఆరింటికే లేచి కాఫీ కోసం తొమ్మిదిదాకా ఎదురుచూసింది. తట్టడానికి తలుపు లేదు. ఉన్నా తట్టేవాళ్లు కాదు, బోర్డు ఉంది.