టైలరు మాస్టారెవరో మాకు తెలియదు

పై వాటా ఆవిడ చెప్పిందట, వాళ్ళ ఆడపడుచు తోడికోడలి భర్తకు ఇంటి అప్పు చేతిదాకా వచ్చి జారిపోయిందట. కారణమేమిటంటే, ఆయన మీద ఎంక్వయిరీలు ఎక్కువయ్యాయట. బ్యాంకుల వాళ్ళు ప్రతి మనిషికీ ఒక స్కోరు కట్టి ఉంచుతారట. మన గురించి ఎవరైనా ఎంక్వయిరీ చేశారంటే ఆ స్కోరు రెండో మూడో పాయింట్లు పడిపోతుందట. ఎంతమంది అడిగితే అంత నష్టమట. పై వాటా ఆవిడ బట్టలు ఆరేస్తూ చెప్పిన ఈ ముక్కను టైలరు మాస్టారి భార్య కింద నిలబడి, తలెత్తి విని, మెడనొప్పితో సహా ఇంట్లోకి మోసుకొచ్చింది.

మాస్టారు అప్పుడే కాఫీ గ్లాసు ఎత్తాడు. ఆ రోజుకు ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. రెండు ప్యాంట్లకు నడుము పట్టీలు వేయాలి. ఆ తర్వాత దుకాణం ఊడ్చి, కుర్చీ తుడిచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బ్యాంకు నుంచి వెరిఫికేషన్‌కి వచ్చే ఆఫీసరు కోసం కూర్చోవాలి. అంతే.

అంతే అని పైకి అనుకుంటున్నాడు గానీ, వారం రోజులుగా వేసిన ప్రతి కుట్టూ విప్పి మళ్ళీ వేస్తున్నాడు. దుకాణం అదే వీధిలో, పై వాటా కిటికీకి ఎదురుగా ఉన్న అద్దె గది. గది యజమాని దాన్ని అమ్మకానికి పెట్టాడు. ఇన్నేళ్ళుగా ఉన్నావు కాబట్టి మొదటి మాట నీదే, నెలాఖరుకు డబ్బు తేలేకపోతే సెల్‌ఫోన్ల అతనికి ఇచ్చేస్తానన్నాడు. ఆ సెల్‌ఫోన్ల అతను అప్పుడే ఒకసారి వచ్చి, మిషను ఉన్నచోట అద్దాల బీరువా పడుతుందో లేదో అడుగులేసి చూసుకుపోయాడు. ఊరందరి నడుములూ కొలిచిన మాస్టారికి, తన కాళ్ళ కింది నేలను ఇంకొకడు కొలవడం అదే మొదలు.

ఆ గది ఎప్పటికైనా కొనుక్కోవాలని ఏడాది కిందటే అప్పు కోసం బ్యాంకుకు వెళితే అక్కడి అమ్మాయి పెదవి విరిచింది. ఇంతవరకూ మీరు బ్యాంకులో అప్పే చేయలేదు, మిమ్మల్ని ఏం చూసి నమ్మాలి అంది. అప్పు చేయకపోవడం ఒక తప్పని మాస్టారికి ఆ రోజే తెలిసింది. ఆ తప్పు దిద్దుకోవడానికి ఒక క్రెడిట్ కార్డు ఇచ్చారు. జేబులో డబ్బు ఉండగానే కార్డు మీద సబ్బులూ నూనే అప్పుగా కొనడం, గడువు రాకముందే ఆ అప్పు కట్టేయడం, ఏడాదిగా ఇదే వ్రతం. పని అయ్యాక కార్డును భార్య బొత్తాల డబ్బాలో దాచేది. అలా పెంచగా పెంచగా స్కోరు ఏడువందల అరవైకి చేరింది. ఏడువందల యాభై దాటితే చాలు, దరఖాస్తు తీసుకుంటామన్నారు.

"ఎవరో అడిగితే మన స్కోరు పడిపోవడమేమిటే. దిష్టా?" అన్నాడు మాస్టారు. అన్నాడే గానీ ఫోను తీశాడు.

ఈమధ్య ఫోను ఆయన చేతిలోనే ఉంటోంది. బ్యాంకు వాళ్ళు కాదంటే గతేమిటన్న భయంతో, 'మీకెంత అప్పు వస్తుందో చూసుకోండి' అని కనబడ్డచోటల్లా నొక్కుతున్నాడు. పుట్టిన తేదీ అడిగితే పుట్టిన తేదీ చెప్పాడు, ఒప్పుకుంటున్నారా అంటే ఒప్పుకున్నాడు. చూసుకోవడమే కదా, పోయేదేముంది అనుకున్నాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

స్కోరు ఏడువందల యాభై రెండుకు దిగి ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో, ఈ నెలలో మీ మీద ఎంక్వయిరీలు నాలుగు అని ఉంది.

మాస్టారి చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఆ నలుగురూ ఎవరా అని మొగుడూ పెళ్ళాం కూర్చుని తవ్వితీశారు. టైలరు దుకాణం ఎక్కడని ఇస్త్రీ బండి దగ్గర ఎవరో ఆవిడ అడిగింది, ఒకటి. మాస్టారు మాట మీద నిలబడతాడా అని మందుల షాపులో ఒకాయన అడిగాడు, రెండు. కుట్టుకూలి ఎక్కువ తీసుకుంటాడా అని పై వాటా ఆవిడనే ఎవరో అడిగారు, మూడు. నాలుగోది తేలలేదు. "మా పిన్ని. మీ ఆయన ఎలా ఉన్నాడే అని మొన్న ఫోనులో అడిగింది" అంది భార్య. లెక్క సరిపోయింది.

ఇంకో రెండు మూడు పాయింట్లు పోతే గది పోయినట్టే. అంటే ఒక్క మనిషి నోరు తెరిస్తే చాలు.

ఆవిడ చేతిలోని హెమ్మింగు పక్కన పడేసి వీధిలోకి దిగింది. ఇస్త్రీ బండి అతనికీ, మందుల షాపు ఆయనకూ, పై వాటా ఆవిడకూ, మా ఆయన గురించి ఎవరొచ్చి అడిగినా మాకు తెలియదనండి, చచ్చి మీ కడుపున పుడతాం అని చెప్పింది. ఎందుకో మాత్రం చెప్పలేదు. చెబితే వాళ్ళు ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతారు, అవి ఎక్కడ లెక్కలోకి వస్తాయో అని భయం. కారణం చెప్పకపోతే కారణాలకు కొరతేముంది. మాస్టారు పీకల్లోతు అప్పుల్లో ఉన్నాడని ఇస్త్రీ బండి దగ్గర అనుకున్నారు. రాత్రికి సామాను సర్దేస్తాడని మందుల షాపులో ఖాయం చేశారు. ఆ షాపులో తలనొప్పి మాత్ర కొనుక్కోవడానికి వచ్చిన ఒకతను ఆ మాటను మాత్రతో పాటు బజారుకు పట్టుకుపోయాడు.

ఇక్కడ మాస్టారు దుకాణం బోర్డును గోడవైపుకు తిప్పేసి మిషను ముందు కూర్చున్నాడు. కాసేపటికి ఒక బడి పంతులమ్మ వచ్చి, యూనిఫారాలు కుట్టించాలి, మాస్టారి కొట్టు ఏదని ఇస్త్రీ బండి అతన్ని అడిగింది. ఈ వీధిలో టైలరే లేడన్నాడు అతను. నిజాయితీ ఉట్టిపడుతోంది మాటలో. ఒక తరగతికి సరిపడా కుట్టుపని కళ్ళముందే రోడ్డు దాటి వెళ్ళిపోతుంటే, మాస్టారు పళ్ళు బిగబట్టి, పోనీలే, స్కోరు నిలబడింది అనుకున్నాడు.

ఆ తర్వాత భుజాన సంచీ వేసుకున్న ఒక మనిషి వచ్చాడు. నలిగిన చొక్కా, మట్టి కొట్టుకుపోయిన చెప్పులు. ఇస్త్రీ బండి దగ్గర అడిగాడు, తెలియదన్నారు. మందుల షాపులో అడిగాడు, వినలేదన్నారు. పై వాటా ఆవిడను తలెత్తి అడిగాడు. ఆవిడ చెప్పమన్నంతవరకూ చెప్పి ఊరుకోలేదు, ఆ గది ఎన్నాళ్ళుగానో ఖాళీగా ఉందని కూడా చెప్పింది. చివరికి ఆ మనిషి ఆ ఖాళీ గది గుమ్మంలోకే వచ్చి నిలబడ్డాడు.

"ఒక ఎంక్వయిరీ అండీ. ఇక్కడ టైలరు మాస్టారని ఒకాయన ఉండాలి. మీకేమైనా తెలుసా?"

మాస్టారి మెడలో టేపు ఉంది. చేతిలో కత్తెర ఉంది. చెవి మీద పెన్సిలు ఉంది.

"నాకు తెలియదండీ" అన్నాడు.

ఆ మనిషి మిషను వంక చూశాడు, గోడకు వేలాడుతున్న చొక్కాల వంక చూశాడు. "మరి మీరేం చేస్తుంటారు?"

"ఊరికే కూర్చుంటానండీ."

"పోనీ కుట్టడం వచ్చా?"

"ఏదో, కొద్దిగా."

ఆ మనిషి నిట్టూర్చి వెనక్కి తిరిగాడు. ఇందాక మందుల షాపు మెట్ల దగ్గర మేకు తగిలి ప్యాంటు వెనకభాగం జానెడు చిరిగిపోయి ఉంది. ఇంకా చాలా ఇళ్ళు తిరగాలి, ఇలా ఎలా తిరగను అన్నాడు. చిరిగిన బట్టను చూస్తే మాస్టారి చేయి ఊరుకోదు. పరదా చాటుకు వెళ్ళి విప్పి ఇవ్వమన్నాడు. ప్యాంటు పరదా మీదుగా బయటికి వచ్చింది, మాటలు పరదా లోపలినుంచి మొదలయ్యాయి.

"మాది బ్యాంకు పని అండీ. ఎవరైనా అప్పుకు పెట్టుకుంటే, ఆ మనిషి ఉన్నాడా లేడా అని మేం వచ్చి చూసుకోవాలి. ఈ సంగతి చుట్టుపక్కల వాళ్ళకు చెప్పకూడదు. మీకెలాగూ ఆ మనిషి తెలియదు కాబట్టి చెబుతున్నా. మేం ఎంక్వయిరీ అంటాం గానీ, ఆఫీసులో దీన్ని వెరిఫికేషన్ అంటారు లెండి. ఈ వీధిలో మనిషే లేడు. లేడని రాసి పంపేస్తే నాకో పని తప్పుతుంది."

మిషను గిర్రున తిరిగింది. ఎక్కడ ఆపాలో మాస్టారి కాళ్ళకు తెలియలేదు. తెలిసేసరికి చిరుగు కుట్టు పడింది, దానితో పాటు ప్యాంటు రెండు కాళ్ళూ పైనుంచి కిందిదాకా ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"అయ్యా, ఆ మనిషిని నేనే" అన్నాడు మాస్టారు నీరసంగా.

 పరదా పక్కనుంచి తల ఒకటి బయటికి వచ్చింది. "ఇందాక కాదన్నారు."

"ఇందాక మీరు ఎంక్వయిరీ అన్నారు."

అదేం జవాబో ఆ మనిషికి అర్థం కాలేదు. తాను నమ్మితే సరిపోదనీ, చుట్టుపక్కల ఎవరైనా మీరేనని చెప్పాలనీ అన్నాడు. మాస్టారు ఒక్క గెంతులో వెళ్ళి ఇస్త్రీ బండి అతన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. అతను పరదాలోంచి వచ్చిన తలను చూశాడు, మాస్టారి ముఖాన పట్టిన చెమట చూశాడు, విషయం అర్థమైందనుకున్నాడు.

"ఈయనా? నేనెప్పుడూ చూడలేదు."

"నేనేనయ్యా. పొద్దున నీకు టీ ఇప్పించింది ఎవరు? చెప్పవయ్యా బాబూ."

"ఎవరో ఇప్పించారు" అన్నాడు అతను. ఆపైన మాస్టారి చెవి దగ్గరికి వంగి, "మీరు కంగారుపడకండి మాస్టారూ, తల తీసినా చెప్పను" అని ధైర్యం చెప్పి వెళ్ళిపోయాడు. పై వాటా ఆవిడను పిలిస్తే, ఖాళీ గదిలోంచి ఎవరో అరుస్తున్నారని కిటికీ మూసేసుకుంది.

అంతలో మాస్టారి భార్య అన్నం క్యారియరు పట్టుకుని వచ్చింది. దేవతలా వచ్చిందనుకున్నాడు మాస్టారు. పరదాలోని తల ఆవిడ వైపు తిరిగింది.

"అమ్మా, ఈయన మీకు తెలుసా?"

ఆవిడ మొగుణ్ణి నెత్తి నుంచి కాళ్ళదాకా చూసింది. మొగుడు కళ్ళు పెద్దవి చేసి, తల గబగబా ఊపుతున్నాడు. జాగ్రత్త అంటున్నాడని ఆవిడకు అర్థమైంది.

"ఎవరో నాకేం తెలుసు. దారిన పోతున్నా."

అని, రోజూ పెట్టేచోటే క్యారియరు పెట్టి, "చల్లారకముందే తినండి" అని దారిన పోయింది.

"మంచి వీధండీ ఇది" అన్నాడు పరదాలోని మనిషి. "తెలియనివాడికి కూడా వేళకు అన్నం పెడుతున్నారు. నా ప్యాంటు ఇటిస్తే లేడని రాసేసి వెళ్ళిపోతా."

ప్యాంటు ఇచ్చే స్థితిలో లేదు. మాస్టారు దాన్ని గుండెకు హత్తుకుని, ఒక్క నిమిషం అయ్యా, ఒక్క నిమిషం అంటుండగా దారాల షావుకారు ఊడిపడ్డాడు. బజారులో మాట ఆయన చెవిన పడ్డది మొదలు ఆయన కాళ్ళు నేల మీద లేవు.

"ఏం మాస్టారూ. బోర్డు గోడకు తిప్పి కూర్చున్నావటగా. నా రెండు నెలల బాకీ సంగతి ఏం చేద్దామని?"

మాస్టారికి షావుకారు గొంతు అంత తియ్యగా ఏనాడూ వినబడలేదు. పరదాలోని మనిషి మెడ ఇంకాస్త చాచాడు. "ఈయన మీకు తెలుసాండీ?"

"తెలియకపోవడమేమిటి. పదేళ్ళుగా నా దారమే ఈ మిషను మీద తిరుగుతోంది. మాస్టారంటే ఈయనే, దుకాణం ఇదే, బాకీ నాకే."

"ఎగ్గొట్టే రకమా?"

షావుకారు తడుముకోలేదు. "ఆలస్యం చేస్తాడు. ఎగ్గొట్టడు. ఎగ్గొట్టేవాడైతే ఇంత ఎండలో నేనెందుకొస్తాను, కొట్లోనే కూర్చుని ఏడ్చేవాణ్ణి కదా."

బాకీ రావలసినవాడు గుర్తుపట్టాక ఇంక అనుమానం లేదన్నాడు బ్యాంకు మనిషి. సంచీలోంచి కాగితాలు తీసుకుని పరదా లోపలే రాయడం మొదలుపెట్టాడు. మాస్టారు కింద కూర్చుని ప్యాంటు కుట్లు విప్పుతున్నాడు. బాకీ ఎగిరిపోలేదని తేలడంతో షావుకారు కుర్చీలో కూలబడ్డాడు. దారిన పోయిన భార్య కూడా మలుపు దగ్గరే నిలబడి అంతా విని, మెల్లగా లోపలికి వచ్చింది. ఆవిడకు ఒక్కటే బెంగ.

"ఇవాళ ఇంతమంది ఇన్నిసార్లు అడిగారు కదా బాబూ. ఎన్ని పాయింట్లు పోయుంటాయి?"

వీధిలో అడిగితే పాయింట్లు పోవమ్మా అన్నాడు ఆ మనిషి. అప్పు కావాలని మనం ఏ బ్యాంకునైనా అడిగితే వాళ్ళు మన లెక్కలు తెప్పించి చూస్తారనీ, దాన్నే ఎంక్వయిరీ అంటారనీ, అలాంటివి ఎక్కువైతే పాయింట్లు పోతాయనీ చెప్పాడు. "ఇక్కడ నాలుగున్నాయి. ఒకటి మాది. మిగతా మూడూ ఈయన ఫోనులో అడిగినవి. ఇంకోచోట అడిగారంటే మాత్రం ఏడువందల యాభై కిందికి పోతారు. ఆ ఫోను దాచేయండి. ఇక మంజూరు చేయడం మానడం పైవాళ్ళ చేతిలో ఉంది."

ఆవిడ మాస్టారి వైపు చూసింది. మాస్టారు తల దించుకుని, ఎప్పుడో విప్పేసిన కుట్టునే మళ్ళీ విప్పుతున్నాడు. ఆవిడ ఆయన జేబులోంచి ఫోను తీసి, ఇంటికి పట్టుకెళ్ళి కార్డు పక్కనే బొత్తాల డబ్బాలో వేద్దామని కొంగున కట్టుకుంది.

ప్యాంటు పరదా లోపలికి వెళ్ళింది. ఆ మనిషి తొడుక్కుని బయటికి వచ్చాడు, నాలుగడుగులు వేసి చూసుకున్నాడు, ఫర్వాలేదన్నాడు. గుమ్మం దాటబోతూ ఆగి, కాగితం మీద ఒక గడి ఖాళీగా మిగిలిపోయిందన్నాడు.

"ఇంతకీ అమ్మా, ఈయన మీకేమవుతారు?"

"మంజూరైతే మా ఆయన. కాకపోతే ఇందాక చెప్పిందే నా మాట."