ఏవండీ అంటే పలికే ఫోను

గుమాస్తాగారు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, అందరికంటే ముందు ఆఫీసు చేరడం, మేనేజరు అడిగినవాటికి తడబడకుండా జవాబులు చెప్పి సాయంత్రానికి సెక్షన్ హెడ్‌గా ఇంటికి రావడం. ఆ కుర్చీ కోసం ఆయన ఎన్నేళ్లుగానో కళ్లలో ఒత్తులు వేసుకుని ఎదురుచూస్తున్నారు. మేనేజరుకి ఆఫీసులో ఉరుము అని పేరు. ఇంట్లో మాట చెల్లనివాడికి ఆఫీసులో కుర్చీ దండగ అన్నది ఉరుముగారి సిద్ధాంతం.

ముందురోజే గుమాస్తాగారి భార్య ఒక ఫోను కొని హాల్లో పెట్టింది. చూడటానికి తాతలనాటిది. నల్లటి ఒళ్లు, ఇత్తడి డయలు, ఎత్తితే మణికట్టు నొప్పెట్టే రిసీవరు. లోపలంతా కొత్త సరుకే. డయలు తిరగడం అందానికి మాత్రమే. పేరు పలికితే చాలు, అదే నంబరు కలిపి స్పీకరులో మాట్లాడిస్తుంది. ఒక నంబరు పలకకపోతే రెండోది కలుపుతుంది. ఎవరిని ఏమని పిలుస్తామో ముందుగా మన గొంతుతోనే దానికి నేర్పాలి. భర్త వంతు వచ్చినప్పుడు ఆవిడ క్షణం కూడా ఆలోచించకుండా "ఏవండీ" అని నేర్పింది. ఆవిడ నోట ఆయనకున్న పేరు అదొక్కటే మరి. తప్పల్లా ఒకటే, ఆవిడ లోకంలో సగం మందిని అలాగే పిలుస్తుంది.

గుమాస్తాగారు అటు వెళ్లగానే ఇటు వంటింటి కుళాయి బాగుచెయ్యడానికి ప్లంబరు వచ్చాడు. ఏవండీ, ఆ పైపు కూడా చూడండి అన్నదావిడ. హాల్లో ఫోను చడీచప్పుడు లేకుండా గుమాస్తాగారికి కలిపేసింది. ఆయన ఎత్తేసరికి ఎవరో మగగొంతు.

"ఇదింక పనికిరాదమ్మా. పీకి పారేసి కొత్తది పెట్టుకోండి."

తన గురించేనేమో అనుకున్నారు గుమాస్తాగారు. వెంటనే తిరిగి చేసి, ఎందుకు ఫోన్ చేశావని అడిగితే, నేనెక్కడ చేశానని ఆవిడ. కాసేపటికి ఆవిడ మళ్లీ ప్లంబరుని పిలిచింది, మళ్లీ ఈయన సెల్ మోగింది, మళ్లీ ఈయన తిరిగి చేశారు. మూడోసారికి ఆవిడ, పని చూసుకోకుండా గడియకోసారి ఇంటి మీద ఈ నిఘా ఏమిటని కడిగి పారేసింది. ఆయన సెల్ ఆపేసి, ఉరుముగారి గదిలోకి వెళ్లారు.

"ఇంట్లో మీ మాట చెల్లుతుందా?" అని ఉరుముగారు అడిగే సమయానికి ఇంట్లో పైపు ఊడింది. ప్లంబరు వాల్వు కట్టెయ్యడానికి డాబా మీదికి పరిగెత్తాడు. చీలమండల లోతు నీళ్లలో నిలబడి ఆవిడ, ఏవండీ, మునిగిపోయాం అని అతనికి వినపడేలా కేకల మీద కేకలు పెట్టింది. సెల్ పలకకపోయేసరికి ఫోను రెండో నంబరు కలిపింది. అది ఆఫీసుది. అక్కడ టెలిఫోను బోర్డు దగ్గరి అమ్మాయి ఆ కేకలు విని, పాపం ఏ కొంప మునిగిందోనని హడలిపోయి నేరుగా మేనేజరు గదికి ఇచ్చేసింది. గుమాస్తాగారు అప్పుడే, మా ఇంట్లో నేను గీసిన గీత దాటరండీ అని చెప్పి చెమట తుడుచుకుంటున్నారు. ఉరుముగారు స్పీకరు నొక్కారు.

"ఏవండీ! పిలుస్తుంటే వినపడటం లేదా? ముందిలా రండి!"

ఉరుముగారు దిగ్గున లేచారు. "వస్తున్నా, వస్తున్నా, ఇదిగో వచ్చేశా" అంటూ తలుపు దాకా వెళ్లారు కూడా. గడియ మీద చెయ్యి పడ్డాక గానీ ఆ గొంతు తన ఇంటిది కాదని ఆయనకు తెలిసిరాలేదు. ఎవరి గొంతో బాగా తెలిసిన గుమాస్తాగారు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

స్పీకరులోంచి నీళ్ల చప్పుడు ఇంకా వస్తోంది. ఉరుముగారు వెనక్కి వచ్చి దాన్ని ఆపి, గుమాస్తాగారి ముఖం చూడకుండా ఒక కాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టారు.

సాయంత్రం తడి ఆరని హాల్లో గుమాస్తాగారు కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని సంగతి చెప్పారు. సెక్షన్ హెడ్ కాదట, ఏకంగా బ్రాంచి మేనేజరట. కాకపోతే ఆ బ్రాంచి రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ రాదు. వెంటనే వెళ్లి చేరాలి, మళ్లీ ఇటువైపు రానక్కర్లేదు. నవ్వాలో ఏడవాలో ఆయనకే తెలియడం లేదు.

"ఇంతకీ అంతటివాణ్ణి ఎలా మెప్పించారు?" అని భార్య నేల గుడ్డ పిండుతూ అడిగింది.

"నేనేం చెయ్యలేదు. ఆయన లేచినప్పుడు నేను కూర్చునే ఉన్నాను."