కింది వర్షన్‌కు దిగని ఫైలు

పందొమ్మిది వందల తొంభై ఎనిమిది జూలైలో రాళ్ళచెలమ మండల కార్యాలయం ఆధునిక యుగంలోకి ప్రవేశించిందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ప్రవేశించిన తేదీ, సమయం గోడ మీద పెయింటుతో రాయించారు. కంప్యూటరు పెట్టడానికి రికార్డు గది ఖాళీ చేసి, రికార్డులను వరండాలోకి మార్చారు. వానకు తడిసినా నష్టం లేదని, ఇకమీదట సమస్తం కంప్యూటరులోనే ఉంటుందని మండలాధికారి వెంకటరామారావు గారు ప్రారంభోత్సవ సభలో ప్రకటించారు. కంప్యూటరులో అప్పటికి ఏమీ లేదు.

ఆ యంత్రం కొత్తది కాదు. డివిజన్ కార్యాలయంలో మూడేళ్ళు పనిచేసి, అక్కడికి కొత్తది రాగానే కిందికి దిగివచ్చింది. అధికారి కొత్త కుర్చీ వేయించుకుని పాతదాన్ని గుమాస్తాకు ఇచ్చే పద్ధతిలోనే ఇదీ జరిగింది గనక ఎవరికీ అభ్యంతరం కలగలేదు. ఉత్తరాలు, జాబితాలు టైపు చేసే ప్రోగ్రాము పై ఆఫీసులో కొత్త వర్షన్, మండలంలో పాత వర్షన్. పాతదానిలో రాసింది కొత్తదానిలో చక్కగా తెరుచుకుంటుంది. కొత్తదానిలో రాసింది పాతదానిలో తెరుచుకోదు. అంటే కిందివాళ్ళు రాసింది పైవాళ్ళు చదవగలరు, పైవాళ్ళు రాసింది కిందివాళ్ళకు అర్థం కాదు. ప్రభుత్వం నడిచే తీరు తెలిసిన పాఠకులకు ఇందులో వింత కనిపించదు.

యంత్రాన్ని పద్మావతమ్మకు అప్పగించారు. సత్తుపల్లి వైపు మనిషి. ఇరవై రెండేళ్ళుగా అదే ఆఫీసులో టైపిస్టు. కంప్యూటరు మీద మూడు రోజుల శిక్షణ పొందింది. అందులో రెండు రోజులు కరెంటు లేదు. మూడో రోజు సర్టిఫికెట్లు పంచారు.

ఆగస్టు మొదటి వారంలో పై ఆఫీసు నుంచి ఒక ఫ్లాపీ వచ్చింది. కవరు మీద మూడు లక్క ముద్రలు. అడవి అంచున బోడగుట్ట తండాలో ముప్ఫై ఏడు కుటుంబాలు తాతల కాలం నుంచి అడవి కొట్టి పోడు సాగు చేసుకుంటున్నాయి. ఆ ముప్ఫై ఏడు మెట్ట చెలకలకూ సర్వే జరిగి, హక్కుదారుల జాబితా మంజూరైంది. ఆ జాబితాయే ఫ్లాపీలో ఉంది. మండలాధికారి దాన్ని ప్రింటు తీయించి, సంతకం చేసి ఇస్తే చాలు. ఇరవయ్యో తారీఖు లోపల ఆ కాగితం చూపించకపోతే చెలకలకు అడ్డంగా కందకం తవ్వి జామాయిలు మొక్కలు పెడతానని అటవీ శాఖ రేంజరు తండాకు వచ్చి చెప్పి వెళ్ళాడు. అప్పటికి పత్తి మోకాలెత్తు ఉంది.

తండా తరఫున రెడ్యా వచ్చాడు. యాభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. పద్మావతమ్మ ఫ్లాపీ పెట్టి ఫైలు తెరిచింది. తెర నిండా చిన్న చిన్న డబ్బాలు. ముప్ఫై ఏడు వరసలు, ప్రతి వరసలోనూ డబ్బాలే. అక్కడక్కడ ఒక ప్రశ్నార్థకం.

"ఇందుల నా పేరు యాడుందమ్మా?" అని అడిగాడు రెడ్యా.

"ఏమో రెడ్యా. నీ ఒక్కడిదే కాదు, అందరివీ ఇట్లానే ఉన్నాయి."

"గిట్లనే రాస్తరా కంప్యూటర్ల?"

"వాళ్ళు బాగానే రాశారు. మన మిషనుకే చదవడం రాదు."

ఈ సమస్యపై మండల కార్యాలయం తక్షణం స్పందించింది. మొదటి రోజు యంత్రాన్ని ఆపి, మళ్ళీ వేశారు. రెండో రోజు దాన్ని తూర్పు ముఖంగా తిప్పారు. మూడో రోజు, ఇది వైరస్ కావచ్చునని ఎవరో అనగా పశువైద్య సహాయకుణ్ణి పిలిపించారు. ఈ జబ్బు తన పరిధిలోకి రాదని ఆయన లిఖితపూర్వకంగా ఇచ్చి వెళ్ళాడు. నాలుగో రోజు ఒక కమిటీ వేశారు. కమిటీ డబ్బాలన్నీ లెక్కపెట్టి, మొత్తం రెండువేల నూట పద్నాలుగని, రెండుసార్లు లెక్కపెట్టినా అంతే వచ్చాయని, అందువల్ల ఫైలు స్థిరంగా ఉన్నదని నివేదిక ఇచ్చింది. వెంకటరామారావు గారు ఆ నివేదికను ప్రశంసించారు.

అయితే ఆయన ముఖంలో ఏదో ఆత్రం కనిపించేది. రోజుకు రెండుసార్లు వచ్చి తెరవైపు చూసేవారు. "పద్నాలుగో వరస కొంచెం స్పష్టంగా ఉన్నట్టు లేదూ?" అని ఒకసారి అడిగారు. పేదల పట్ల ఆయన శ్రద్ధకు ఆఫీసంతా కదిలిపోయింది.

పదమూడో తారీఖున పద్మావతమ్మ ఫ్లాపీని చీరకొంగులో చుట్టుకుని, రెడ్యాను వెంటబెట్టుకుని పొద్దున బస్సులో డివిజన్ కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి ఆపరేటరు జైరాం ఫైలు తెరవకుండానే సంగతి చెప్పాడు.

"రెండు నిమిషాల పని మేడం. సేవ్ యాజ్ కొట్టి, కింద పాత వర్షన్ అని పెడితే అయిపోతది. మీ మిషన్ల మంచిగ తెరుచుకుంటది."

"మరి పెట్టు నాయనా."

"నేను పెట్టొద్దు. సార్ సంతకం గావాలె."

సారు, అంటే డివిజన్ అధికారి చెంచురామయ్య గారు, పద్మావతమ్మ చెప్పింది కళ్ళు మూసుకుని విన్నారు. తరువాత ఇలా సెలవిచ్చారు:

"అమ్మా, మీరు అడుగుతున్నది చిన్న విషయం కాదు. ఇది డివిజన్ స్థాయిలో, డివిజన్ వర్షన్‌లో మంజూరైన పత్రం. దీన్ని మండల వర్షన్‌కు దించమంటున్నారు. ఒక ఉద్యోగిని కింది హోదాకు దించాలంటేనే విచారణ జరపాలి. పత్రాన్ని ఏ విచారణా లేకుండా దించుతామా? మండలం పైకి రావాలి గాని డివిజన్ కిందికి దిగకూడదు. అభివృద్ధి అంటే అదే."

"అయితే మాకూ కొత్త వర్షన్ ఇప్పించండి సార్."

"అప్పుడు మీకూ మాకూ తేడా ఏముంటుంది?"

పద్మావతమ్మ వర్షన్ సంగతి వదిలేసింది. కనీసం ఇక్కడే ప్రింటు తీసి ఇవ్వమంది. కాగితం వాడకం మానేసినట్టు అన్ని ఆఫీసులకూ అప్పుడే ఎనిమిది పేజీల ఉత్తర్వు పంపామని చెంచురామయ్య గారు గుర్తుచేశారు. పోనీ జైరాం చదివితే రాసుకుంటానంది. చదివింది నోటిమాట అవుతుందని, నోటిమాటకు ఫైలు నంబరు ఉండదని చెప్పి ఆయన భోజనానికి లేచారు.

ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. చండ్రుగొండ దాటాక రెడ్యా అన్నాడు: "మీ పాత మిషను మంచిగుండెనమ్మా. టకటక కొడితే పేరు పడుతుండె."

ఆ మాట పద్మావతమ్మకు నచ్చింది. మర్నాడు టైపుమిషను దుమ్ము దులిపింది. రెడ్యాను ఎదురుగా కూర్చోబెట్టి, అతను ఒక్కో ఇంటి పేరూ చెబుతుంటే, సర్వే నంబర్లతో సహా అరగంటలో ముప్ఫై ఏడు పేర్లూ కొట్టి మండలాధికారి ముందు పెట్టింది.

వెంకటరామారావు గారు దాన్ని చదివి నొచ్చుకున్నారు. "ఇందులో అన్నీ తెలుస్తున్నాయి. పై నుంచి వచ్చినదానిలో ఏమీ తెలియడం లేదు. రెండూ ఒకటేనని నేనెట్లా ధ్రువీకరించను? పై ఆఫీసు ఏం రాసిందో అదే మనకు శిరోధార్యం. డబ్బాలే ప్రింటు తీయండి."

అలా డబ్బాల ప్రతి ప్రింటు అయింది. 'పేర్లు సరిచూడబడినవి' అన్న రబ్బరు స్టాంపు కింద ఆయన సంతోషంగా సంతకం చేశారు. పద్మావతమ్మ ఆ కాగితం రెడ్యా చేతిలో పెట్టేటప్పుడు అతని ముఖంలోకి చూడలేకపోయింది.

ఇరవయ్యో తారీఖు ఉదయం రేంజరు పదిహేను మంది కూలీలతో, గడ్డపారలతో తండాకు వచ్చాడు. కందకానికి సున్నం గీత గీయించాడు. గీత తమ చెలకలోకి వచ్చేసరికి రెడ్యా భార్య ద్వాలి దాని మీద కూర్చుంది. లేవమంటే లేవలేదు. మిగతా ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి గీత పొడుగునా కూర్చున్నారు. రెడ్యా కాగితం తీసి రేంజరుకు ఇచ్చాడు.

"ఇదేంది?" అన్నాడు రేంజరు.

"పై ఆఫీసు కాగితం సారూ. కంప్యూటర్లకెల్లి వచ్చింది."

రేంజరు నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు. పక్కనున్న గార్డు తొంగిచూసి, "అన్నీ డబ్బాలే ఉన్నయి సార్," అన్నాడు. అర్థం కాలేదంటే కంప్యూటరు తెలియదని ఒప్పుకున్నట్టే. వచ్చే నెలలో రేంజరుకు ప్రమోషను ఇంటర్వ్యూ ఉంది. ఆయన గార్డు వైపు జాలిగా చూశాడు.

"డబ్బాలు కావవి, ప్లాట్లు. ఇది లేఅవుటు. ఎన్ని వరసలు? ముప్ఫై ఏడు. ఇక్కడ ఎన్ని కుటుంబాలు?"

"ముప్ఫై ఏడు సారూ."

"మరింకేం. సరిపోయింది."

"గీ ప్రశ్న గుర్తులేంది సార్?" అన్నాడు గార్డు.

"బోర్లు. నీళ్ళు పడతాయో లేదో తెలియదు కదా."

రేంజరు అక్కడే చెట్టునీడన కుర్చీ వేయించుకుని, ఒక్కో కుటుంబాన్నీ పిలిచి, పేరూ హద్దులూ తన రిజిస్టరులో స్వహస్తాలతో రాసుకున్నాడు. డబ్బాల కాగితం దానికి జతచేసి, 'హద్దులు స్పష్టముగా ఉన్నవి' అని సంతకం చేశాడు. కూలీలు గడ్డపారలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ద్వాలి లేచి, చీరకంటిన సున్నం దులుపుకుని, కలుపు తీయడానికి పోయింది. రిజిస్టరు జిల్లాకు చేరింది. సంక్షేమంలో జాప్యం లేదని చూపించుకోవలసిన సంవత్సరం కావడంతో నాలుగు నెలల్లో ముప్ఫై ఏడు పట్టాలూ వచ్చేశాయి.

మరుసటి వేసవిలో పై ఆఫీసుకు ఇంకా కొత్త వర్షన్ వచ్చింది. అంతకుముందు వరకు కొత్తగా ఉన్నది పాతదై మండలానికి దిగింది. పద్మావతమ్మ బీరువా సర్దుతూ పాత ఫ్లాపీ కనిపిస్తే ఊరికే పెట్టి చూసింది. ఈసారి ఒక్క డబ్బా కూడా లేదు. ముప్ఫై ఏడు పేర్లు ముత్యాల్లా వచ్చాయి.

మొదటి పేరు చెంచురామయ్య గారి బావమరిది. రెండోది రైసు మిల్లు యజమాని. మూడు నుంచి పదమూడు వరకు ఆ మిల్లు యజమాని బంధువులు. పద్నాలుగోది సుశీలమ్మ, భర్త పేరు వెంకటరామారావు. ముప్ఫై ఏడు వరసల్లోనూ బోడగుట్ట తండా మనిషి ఒక్కడూ లేడు.

పద్మావతమ్మ జాబితాను మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆ సమయానికి రెడ్యా ఏదో పనిమీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కొత్తది వచ్చిందటగదమ్మా. మా పేర్లు ఇప్పుడన్న కనబడుతున్నయా?"

"లేదు రెడ్యా," అంది ఆమె ఫైలు మూసేస్తూ. "ఇందులోనూ డబ్బాలే. నీ పట్టాలో పేరు ఉంది కదా, అది చాలు."

ఆ సాయంత్రమే ఆమె పై ఆఫీసుకు ఉత్తరం రాసింది. సదరు ఫైలు ఏ వర్షన్‌లోనూ తెరుచుకోవడం లేదని, అసలు హక్కుదారులు ఎవరైనా మిగిలి ఉంటే తాము బోడగుట్ట తండాలో ఏళ్ళ తరబడి పోడు కొట్టి బతుకుతున్న నిరుపేదలమని సొంత దస్తూరితో రాసి, సంతకంతో అర్జీ పెట్టుకోవచ్చునని అందులో ఉంది. సిగ్గుపడి ఎవరూ రారని ఆమె అంచనా. ఉద్యోగంలో ఆమె వేసిన తప్పుడు అంచనా అదొక్కటే.

వారం తిరిగేసరికి నలభై ఒక్క అర్జీలు వచ్చాయి. అర్జీదారులంతా స్వయంగా వచ్చి తమ చెలక చూపించాలని నిబంధన పెట్టడంతో ప్రస్తుతం వాళ్ళు కార్లలో తిరుగుతూ, తండాకు దారి ఎటని రెడ్యానే అడుగుతున్నారు. ఫైలులో పేర్లు ముప్ఫై ఏడే. విషయం విని పైన పడ్డ ఆ నలుగురూ ఎవరో పద్మావతమ్మకు తెలుసు. ఆమె ఎవరికీ చెప్పే మనిషి కాదు గనక ఇది చదువుతున్నవారు కంగారు పడనక్కర్లేదు.