సుంకమ్మ చెప్పని లెక్క

ఆ బుధవారం ఉదయం కుళ్ళాయప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మేడం బంగళా గేటు తెరవాలి. సుంకమ్మ మందను లోపలికి తోలించాలి. సాయంత్రం నాలుగింటికి బయటికి పంపేసి, ఐదింటికల్లా గేటు ముందు ఊడ్చేయాలి. తోటకు ఎరువు, గొర్రెలకు నీళ్ళు, తనకు మంచి పేరు, మూడూ ఒక్క పూటలో అయిపోతాయి.

మేడం అంటే ఉమాదేవి. మెట్టభూముల అభివృద్ధి సంస్థకు ప్రత్యేకాధికారి. ఎండిన నేల మీద పచ్చదనం తేవడం ఆ సంస్థ పని. ముదిగుబ్బకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆమె బంగళా ముందర మాత్రం ఆరు గులాబీ మొక్కలు కట్టెలై నిలబడి ఉన్నాయి. వచ్చిపోయే అధికారులు ముందు వాటిని, తర్వాత ఆమెను చూసేవారు. సమావేశం కోసం రాజధానికి బయలుదేరుతూ, "నేను వచ్చేసరికి ఈ తోటలో జీవం కనిపించాలి కుళ్ళాయప్పా. ఏం చేస్తావో నాకు చెప్పొద్దు" అంది. కుళ్ళాయప్ప పదకొండేళ్ళుగా కాంట్రాక్టు వాచ్‌మన్. వచ్చే నెల పర్మినెంటు జాబితాలో అతని పేరు మూడోది. అలాంటి సమయంలో పైవాళ్ళ మాట అక్షరం పొల్లుపోకుండా పాటించడం మంచిదని అతని నమ్మకం. అందుకే చెప్పలేదు.

ఆ చుట్టుపక్కల చచ్చిన నేలకు అందరికీ తెలిసిన వైద్యం ఒకటే, దాని మీద గొర్రెల మందను నిలపడం. రైతులు కాపరులను బతిమాలి మరీ మంద ఆపించుకుంటారు. సుంకమ్మ మందకు ఆ వేసవిలో మంచి గిరాకీ ఉంది. బంగళాలో బోరు ఉండబట్టే ఒప్పుకుంది.

"ఏమప్పా, మేడమ్మకు చెప్పినావా?" అని గేటు దగ్గరే అడిగింది.

"చెప్పొద్దనింది ఆమెనే."

"తొట్టి నిండా నీళ్ళు పెట్టినావా? లోపలికి పోయినాక మాట మార్చేది లేదు."

"పెట్టినా అక్కా. ఆ గులాబీలు మాత్రం తిననియ్యొద్దు."

"ఆ ముళ్ళకట్టెలా? నా గొర్రెలకూ ఒక మర్యాద ఉండాదిలే."

మంద లోపలికి నడిచింది. గేటు కమ్మీ మీద నెల కిందట బిగించిన కెమెరా ఒకటి ఉంది. ఎవరు లోపలికి వచ్చినా లెక్కపెట్టి మేడం ఫోనుకు కబురు పంపుతుంది. అది లెక్కపెడుతుందని అందరికీ తెలుసు. దేన్ని లెక్కపెట్టాలో దానికి ఎవరూ చెప్పలేదు.

రాజధానిలో మంత్రిగారి ముందు కూర్చుని ఉన్న ఉమాదేవి ఫోను ఒకసారి మోగింది. 'మీ నివాసంలోకి అనుమతి లేని ప్రవేశం: 1.' ఆమె పట్టించుకోలేదు. తర్వాత అది ఆగకుండా మోగింది. నలభై దగ్గర ఆమె చేతిలోని కాగితాలు జారిపోయాయి. ఎనభై నాలుగు దగ్గర లేచి నిలబడింది.

"ఏమైందమ్మా?" అన్నాడు మంత్రి.

"మా ఇంట్లోకి ఎనభై నాలుగు మంది చొరబడ్డారు సార్."

పది నిమిషాల్లో ఆ వార్త టీవీల్లో వచ్చింది. పదకొండింటికి ఒక చానల్‌లో విశ్లేషకుడు, వాళ్ళు క్రమశిక్షణతో ఒకరి వెనక ఒకరు నడిచారు కాబట్టి శిక్షణ పొందినవాళ్ళేనని తేల్చాడు. మధ్యాహ్నం రెండింటికి దూరంగా జీపుల దుమ్ము కుళ్ళాయప్పకు కనిపించింది. మేడం చెప్పకుండానే వచ్చేస్తోందనుకుని మందను వెనక గేటు గుండా తరిమించాడు. దాంతో లోపల చొరబాటుదారులు లేకుండా పోయారు. వాళ్ళు తొక్కిన నేల మాత్రం మిగిలింది.

ఆ జీపుల్లో రాజధాని నుంచి వచ్చిన ప్రత్యేక పోలీసు బృందం తోటంతా తాడు కట్టి, నేల మీద దొరికిన నల్లటి చిన్న ఉండలను పట్టకార్లతో ఏరి, పరీక్షకు పంపడానికి సీసాల్లో వేసింది. పక్కనే నిలబడ్డ స్థానిక కానిస్టేబులు తిప్పేష్‌కు అవేమిటో పుట్టినప్పటి నుంచీ తెలుసు. అతన్ని ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం కుళ్ళాయప్ప మేడంకు ఫోన్ చేశాడు. "మేడమ్, మనుషులు కాదు మేడమ్. గొర్రెలు. తోట కోసరం నేనే తోలించినా."

అప్పటికే మంత్రిగారు ఆమెను పరామర్శించి, నలుగురు తుపాకీ కాపలావాళ్ళను, ఒక కొత్త కారును మంజూరు చేసి ఉన్నారు.

"కుళ్ళాయప్పా, ఇప్పుడు గొర్రెలంటే బాగుండదు" అంది ఉమాదేవి.

మరునాడు కుళ్ళాయప్పను విధుల నుంచి ఆపేశారు. ఎనభై నాలుగు మంది నడిచిపోతుంటే నిద్రపోయిన వాచ్‌మన్ అని కాగితంలో రాశారు. విచారణ తేలేదాకా పర్మినెంటు జాబితాలో అతని పేరు ఉండదు. "నువ్వు నిద్ర పోయింటేనే బాగుండు" అంది అతని భార్య అక్కమ్మ.

విషయం శాసనసభకు చేరింది. ఆ ఎనభై నాలుగు మందిని పంపింది ప్రతిపక్షమేనని అధికారపక్షం, సొంత అధికారి ఇంటికే కాపలా లేని ప్రభుత్వమిదని ప్రతిపక్షం రెండు గంటలు వాదించుకున్నాయి. ప్రతిపక్ష సభ్యురాలు గంగాదేవి ఒక పత్రిక ఎత్తి చూపుతూ, "అక్కడి వాచ్‌మన్ గొర్రెలంటున్నాడు" అంది. ఆ సమయంలో ఆమె చెయ్యి అధికారపక్షం బల్లల వైపు ఉంది. సభ అరగంట వాయిదా పడింది. తిరిగి కూర్చున్నాక సభాపతి ఆ మాటను రికార్డుల నుంచి తొలగించి, ఈ వ్యవహారానికి సంబంధించిన ఏ కాగితంలోనూ ఆ మాట కానీ, దాని బంధువర్గం మాటలు కానీ రాకూడదని ఆదేశించాడు. తర్వాత తొమ్మిది మంది సభ్యులతో కమిటీ వేశాడు. అధికారపక్షానికి చెందిన మారుతి దానికి అధ్యక్షుడు, గంగాదేవి ఒక సభ్యురాలు.

మూడు వారాలకు కమిటీ బంగళాకు వచ్చింది. భోజనం ఏర్పాట్లు సంస్థ సూపరింటెండెంటు శ్రీనివాసులు మీద పడ్డాయి. అతను తెల్లవారగానే సుంకమ్మ మంద దగ్గరికి వెళ్ళాడు.

"కమిటీ సార్లకు మాంసం పెట్టాల. మంచివి రెండియ్యి."

"బాగలేనివి ఇయ్యమని ఎవరన్నా అడుగుతారా సారూ?" అంటూ సుంకమ్మ రెండు పొట్టేళ్ళను పట్టిచ్చింది. పొగరోడు, కొమ్మిరిగినోడు. అవి పోయేముందు రెండింటి వీపూ నిమిరింది.

వేపచెట్ల కింద షామియానా వేశారు. రికార్డు రాయడానికి గౌతమి అనే అమ్మాయి ఒక చివర కూర్చుంది. గేటు బయట, కుళ్ళాయప్ప కోరిక మీద సుంకమ్మ మందతో సహా వచ్చి నిలబడింది. ఆ రోజు లెక్కా, ఈ మంద లెక్కా ఒకటేనని తేలితే తన పని తనకు వస్తుందని కుళ్ళాయప్ప ఆశ.

"ఆ రోజు లోపలికి వచ్చినవాళ్ళు ఎవరు?" అన్నాడు అధ్యక్షుడు మారుతి.

"గొర్రెలు సార్."

గౌతమి కలం ఆగిపోయింది.

"ఆ మాట రికార్డులో రాకూడదు. వేరే మాట చెప్పు."

"పొట్టేళ్ళు కూడా ఉండినాయి సార్."

"అదీ రాకూడదు."

"మరి ఏమని చెప్పేది సార్?"

"వచ్చినవాళ్ళు అను."

"వచ్చినవాళ్ళు సార్" అన్నాడు కుళ్ళాయప్ప. "కెమెరా ఎనభై నాలుగనింది కదా. ఇద్దో, మా సుంకమ్మక్కవి. ఎన్నుండాయో ఆమెనే అడగండి."

సుంకమ్మను లోపలికి పిలిచారు.

"నీ దగ్గర ఎన్నున్నాయమ్మా?"

"దేవుడిచ్చినన్ని."

"అంటే ఎన్ని?"

"ఇచ్చి, మళ్ళా తీసుకోకుండా వదిలిపెట్టినన్ని."

కుళ్ళాయప్ప తల పట్టుకున్నాడు. మందను ఎంచి నోటితో లెక్క చెబితే దిష్టి తగులుతుందనీ, మంద తగ్గిపోతుందనీ ఆమె నమ్మకం. ఆమెను సాక్ష్యానికి రమ్మన్నప్పుడు అతనికి ఈ సంగతి గుర్తు రాలేదు.

"అక్కా, ఈ ఒక్కసారికి చెప్పు. నా పని పోతాండాది."

"నీ పని కోసరం నా మందకు దిష్టి పెట్టమంటావా? పోయినేడు టీకాలేసే డాక్టరప్ప వద్దంటే వినకుండా గట్టిగా ఎంచినాడు. వారంలో తొమ్మిది పోయినాయి."

"మేమే ఎంచుకుంటాం" అంది గంగాదేవి.

"ఎంచుకోండి తల్లీ. మనసులో. పైకి అనొద్దు."

తొమ్మిది మంది సభ్యులూ గేటు బయటికి వెళ్ళి, వేళ్ళు చూపిస్తూ, పెదవులు కదపకుండా ఎంచారు. మంద ఒకచోట నిలబడలేదు. తిరిగివచ్చి చీటీల మీద రాసి ఇచ్చారు. డెబ్బై తొమ్మిది, తొంభై ఒకటి, ఎనభై ఎనిమిది. నడుమ నుంచి మొదలుపెట్టిన ఒకాయన నలభై ఆరు రాశాడు. అధ్యక్షుడు ఓటింగు పెట్టాడు. అధికారపక్షం ఐదుగురూ తొంభైకి, ప్రతిపక్షం నలుగురూ ఎనభైకి చేతులెత్తారు. ఒక్క ఓటు ఆధిక్యంతో తొంభై నెగ్గింది. అది కెమెరా లెక్కతో కలవలేదు కాబట్టి కుళ్ళాయప్ప చెప్పింది అబద్ధమని రాయమన్నాడు అధ్యక్షుడు.

కుళ్ళాయప్ప అక్కడే, షామియానా అంచున విడిచిన చెప్పుల పక్కన కూలబడ్డాడు. సుంకమ్మ అతన్ని కొంతసేపు చూసింది.

"సారూ, లెక్కయితే నేను చెప్పను" అంది. "పేర్లు చెప్తా. పేరు పిలిస్తే దిష్టి తగల్దు. పేరు పెట్టేది పిలిచేదానికే కదా."

"ఎవరి పేర్లు?"

"ఆ పొద్దు లోపలికి వచ్చినోళ్ళవి. అందరివీ."

ఆమె కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టింది. బొల్లి. చుక్క. నామాలోడు. కుంటెమ్మ. చౌడేశ్వరి. చౌడేశ్వరి కూతురు. గౌతమి ఒక్కొక్కదానికీ వరుస సంఖ్య వేసి రాస్తూ పోయింది. ముప్పై దాటాక సుంకమ్మ "మారుతి" అంది. అధ్యక్షుడు తలెత్తాడు.

"శనివారం పుట్టినాడు సార్. మంచోడే. పక్కోళ్ళ మేత తింటాడు, అంతే."

గంగాదేవి మంచినీళ్ళ గ్లాసు తీసుకుని చాలాసేపు తాగింది. సుంకమ్మ ఎక్కడా తడబడకుండా చివరికొచ్చింది. పొగరోడు, కొమ్మిరిగినోడు. అక్కడ ఒక్క క్షణం ఆగి కళ్ళు తెరిచింది. గౌతమి చివరి సంఖ్య మీద కలం పెట్టి చూపింది. ఎనభై నాలుగు.

కుళ్ళాయప్ప లేచి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే వంటల దగ్గర నుంచి మసాలా వాసన వచ్చింది. ఉదయం నుంచి టీ తప్ప ఏమీ తీసుకోని కమిటీకి, విచారణ పూర్తయిందన్న అభిప్రాయం ఏకగ్రీవంగా కలిగింది.

"ఈ పట్టికకు పైన ఏమని రాయమంటారు సార్?" అంది గౌతమి.

"ఏది రాయకూడదో తెలుసు కదా. అది తప్ప ఏదైనా రాయి" అంటూ అధ్యక్షుడు చేతులు కడుక్కోవడానికి లేచాడు.

గౌతమి కాసేపు ఆలోచించి, 'ఆ రోజు నివాసంలోకి ప్రవేశించినవారి పేర్లు' అని రాసింది. లోపల అధ్యక్షుడు ఇంత మెత్తటి మాంసం ఎప్పుడూ తినలేదని శ్రీనివాసులును మెచ్చుకుంటున్నాడు.

నివేదిక సభ ముందుకు వచ్చింది. ఎవరూ చదవకుండానే ఆమోదించారు. చొరబాటుదారులు ఎనభై నాలుగు మందినీ పేర్లతో సహా గుర్తించామనీ, అందుకు వాచ్‌మన్ కుళ్ళాయప్ప సహకారం కీలకమనీ అందులో ఉంది. నిద్రపోయిన వాచ్‌మన్ నివేదిక వచ్చిన వారం తిరగకముందే అప్రమత్తమైన వాచ్‌మన్ అయ్యాడు. పర్మినెంటు జాబితాలో అతని పేరు మూడో స్థానం నుంచి ఒకటో స్థానానికి వచ్చింది. బంగళా ముందు గులాబీలు కూడా చిగురించాయి. వాటి పక్కన నిలబడి ఉమాదేవి ఫొటో దిగింది. నలుగురు కాపలావాళ్ళు చుట్టూ ఉండడం వల్ల మొక్కలు సరిగ్గా కనిపించలేదు.

ఆ తర్వాత తిప్పేష్ ఎనభై నాలుగు నోటీసులు సంచిలో వేసుకుని సుంకమ్మ దగ్గరికి వచ్చాడు. విచారణకు స్వయంగా హాజరు కావాలని అన్నింట్లోనూ ఉంది.

"ఏందప్పా ఇది, నీకు తెలీదా వీళ్ళెవురో?" అంది సుంకమ్మ.

"నాకు తెలుసక్కా. నాకు తెలుసునని పైన ఎవరికీ తెలీదు. నన్ను పంపినేది నోటీసులు ఇచ్చేదానికే."

సంతకాలు లేకుండా నోటీసులు ఇస్తే చెల్లవు. తిప్పేష్ సిరాపెట్టె తెరిచాడు. సుంకమ్మ ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచింది, అతను ముందుకాలు పట్టి ముద్ర వేయించుకున్నాడు. బొల్లి బుద్ధిగా వేసింది. మారుతి నోటీసు తినబోయింది. పొద్దు వాలేసరికి ఎనభై రెండు పూర్తయ్యాయి.

"ఈ ఇద్దరు యాడ? పొగరోడు, కొమ్మిరిగినోడు?"

"వాళ్ళా?" సుంకమ్మ తలగుడ్డ సర్దుకుంది. "కమిటీ వచ్చిన పొద్దే పోయినారు. కమిటీ సార్లతోనే."

తిప్పేష్‌కు అర్థమైంది. కానీ ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఎనభై రెండు మందికి నోటీసులు అందాయనీ, మిగిలిన ఇద్దరూ విచారణ జరిగిన రోజే కమిటీ సభ్యులతో కలిసి వెళ్ళిపోయారనీ రాసి పైకి పంపాడు.

సభ మళ్ళీ దద్దరిల్లింది. నిందితులను కమిటీయే దాటించిందని గంగాదేవి ఆరోపించింది. ఆ రోజు తాను రెండుసార్లు వడ్డించుకున్నది ఆ ఇద్దరినేనన్న సంగతి ఆమెకు తెలియదు. చొరబాటుదారుల పట్టికలో ముప్పై నాలుగో పేరు అధ్యక్షుడిదేనని ఆమె చదివి వినిపించేసరికి మారుతి రాజీనామా చేశాడు. మొదటి కమిటీ మీద విచారణకు రెండో కమిటీని వేశారు. గంగాదేవిని దానికి అధ్యక్షురాలిని చేశారు. కీలక సాక్షి మళ్ళీ కుళ్ళాయప్పే కాబట్టి, అది ముగిసేదాకా అతని పర్మినెంటు ఆగుతుందన్నారు.

కమిటీ వచ్చే తేదీ తెలియగానే శ్రీనివాసులు భోజనం సంగతి మాట్లాడడానికి మంద దగ్గరికి వెళ్ళాడు. సుంకమ్మ కాదనలేదు కానీ, ఈసారి మాత్రం ఇంకా పేరు పెట్టనివే ఇస్తానంది.