మంద్రయ్య మీద నాలుగు బ్యాండ్ల ఫిర్యాదు

హెవీ మెటల్ సంగీత రంగంలో పదకొండేళ్ళుగా నాలుగు బ్యాండ్లకు ఏకకాలంలో సేవలందించిన బేస్ గిటారు కళాకారుడు మంద్రయ్య, తన రాగాన్ని తానే దొంగిలించినట్లు సాంస్కృతిక సంఘం విచారణలో తేలిన సంగతి పాఠకులకు విదితమే. ఈ విషయమై పుకార్లు ప్రబలుతున్నందున, జరిగింది జరిగినట్లు ఇందుమూలంగా తెలియజేయడమైనది.

మంద్రయ్య వృత్తి లిఫ్టులు బాగుచేయడం. ఆదివారాలూ సాయంత్రాలూ బేస్ గిటారు వాయించడం. బేస్ గిటారంటే నాలుగు లావాటి తీగలు. దాని మోత చెవికన్నా ముందు కడుపుకు తెలుస్తుంది. ఇంటికి పునాది ఎలాంటిదో పాటకు అది అలాంటిదని తెలిసినవాళ్ళు చెబుతారు. నిజమే. ఎంత మంచి ఇల్లు చూసినా గోడల రంగు మెచ్చుకున్నవాళ్ళే గాని, పునాది ఎంత ముద్దుగా ఉందోనని మురిసినవాళ్ళు లేరు.

మొదట ఉన్నది ఒకే బ్యాండు. పేరు ‘ఎముకల గూడు’. అందులో గాయకుడు ఒక లైబ్రేరియన్. వారమంతా పెదవి మీద వేలుంచి ‘ఉష్’ అనే ఆ పెద్దమనిషి ఆదివారం వచ్చేసరికి గొంతు చించుకుని అరిచేవాడు. ప్రధాన గిటారు వాయించేది ఒక పళ్ళ డాక్టరు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. లోకం అంతమయ్యేటప్పుడు పాట వేగంగా సాగాలా, నెమ్మదిగా సాగాలా అన్న సిద్ధాంతం దగ్గర వాళ్ళకు చెడింది. లైబ్రేరియన్ వేగవాది. డాక్టరు నిదానవాది. ‘బూడిద’ అనే కొత్త బ్యాండు పెట్టుకుని డాక్టరు వేరుపడ్డాడు. ఆస్తులు పంచుకున్నారు. వేదిక మీద పెట్టే ప్లాస్టిక్ పుర్రె దగ్గర పేచీ వచ్చి, ఒకరు పైభాగం, ఒకరు కింది దవడ తీసుకున్నారు. మంద్రయ్యను అలా పంచుకోవడానికి ఆయన భార్య ఒప్పుకోలేదు. అందుచేత ఇద్దరూ ఆయనను పూర్తిగానే ఉంచుకున్నారు.

నల్ల చొక్కా లోపలికి దోపుకోవాలా వద్దా అన్న ప్రశ్న మీద ‘ఎముకల గూడు’ మళ్ళీ చీలింది. ఫొటోలో పళ్ళు కనపడవచ్చునా అన్న ప్రశ్న మీద ‘బూడిద’ చీలింది. ఆ విధంగా మంద్రయ్య ఉన్నచోటనే ఉండి, ఎవరికీ దరఖాస్తు పెట్టకుండా, నాలుగు బ్యాండ్ల కళాకారుడైనాడు. కళారంగంలో ఇంత సులువైన ఎదుగుదల మరొకటి లేదు.

నాలుగు బ్యాండ్లకూ తమలో తమకు మాటల్లేవు. ఉన్న మాటలన్నీ మంద్రయ్య ద్వారానే నడిచేవి.

“వాళ్ళ మొహం ఈ జన్మలో చూడబోమని చెప్పు,” అనేవాడు లైబ్రేరియన్.

“సరేనండి.”

“ఆ పొడుగు వైరు మాత్రం ఇచ్చేయమను.”

ఒక రోజు ఆయన ఒక ఆస్పత్రి మేడ మీద, లిఫ్టు మోటారు గదిలో పనిచేస్తున్నాడు. ఇనుపతాడు ఒక చోట ఒరుసుకుని సన్నగా మూలుగుతున్నది. చేతికి గ్రీజుతో అలాగే నిలబడి విన్నాడు. సాయంత్రం ఇంటికి పోయి ఆ మూలుగును తొమ్మిది స్వరాల రాగంగా కట్టి వాయించాడు. ఆయన భార్య దర్జీ. కుట్టుమిషను ఆపింది.

“ఏదీ, ఇంకోసారి.”

వాయించాడు.

“ఎవరిది?”

“నాదే.”

“బాగుంది. ఎవరికీ ఇవ్వకు,” అన్నది.

మంచి సలహాలన్నిటికీ పట్టే గతే దీనికీ పట్టింది. ఆ నెలలో నాలుగు బ్యాండ్లూ కొత్త పాట కావాలని కూర్చున్నాయి. మంద్రయ్య దగ్గర ఉన్నది ఒకే రాగం, ఉన్నది ఒకే గుండె. కాదనలేకపోయాడు. లైబ్రేరియన్‌కు దాన్ని వేగంగా వాయించాడు, డాక్టరుకు నెమ్మదిగా. మూడోవాళ్ళకు చివరి నుంచి మొదటికి. నాలుగోవాళ్ళు రిహార్సలుకు ఎప్పుడూ ఆలస్యంగా వస్తారు కనుక ఉన్నదున్నట్లు. వాళ్ళు దాని మీద గిటార్లు మోగించారు, డోళ్ళు బాదారు, అరిచారు. నాలుగు పాటలూ ఊరంతా మారుమోగాయి. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. పక్కవాడి పాట వినడం పాపమని నలుగురూ నమ్మేవారు.

అట్లాంటి సమయంలో సాంస్కృతిక సంఘంవారు సంగీతాభివృద్ధి నిమిత్తం నాలుగు బ్యాండ్లనూ ఒకే హాలులో, ఒకే మధ్యాహ్నం పాడించారు. మంద్రయ్య నాలుగు చొక్కాలు మార్చుకుని నాలుగుసార్లు ఎక్కి దిగాడు. అంతా అయ్యాక, గడియారాలు బాగుచేసే ముసలావిడ ఒకామె బయటికి వస్తూ, “ఒక్క పాటనే నలుగురూ పాడారేం బాబూ, కరువా?” అన్నది.

మర్నాటికి సంఘం కార్యాలయంలో ఫిర్యాదులు పన్నెండు. ప్రతి బ్యాండూ మిగతా మూడింటి మీదా పెట్టింది.

విచారణకు సంఘం అధ్యక్షులే కూర్చున్నారు. ఆయన బస్సుల వేళలు చూసే ఉద్యోగం చేసి రిటైరైన అధికారి. సంగీతం బొత్తిగా తెలియనందువల్ల నిష్పాక్షికతకు పేరు పొందారు. నాలుగు పక్షాలూ తమ తరఫు సాక్షిగా మంద్రయ్యనే పిలిచాయి. ఆయన లేచి, చొక్కా గుండీ సరిచేసుకుని, “ఆ రాగం నాదేనండి,” అన్నాడు.

“నీదంటే?”

“నేనే కట్టానండి. లిఫ్టు బాగుచేస్తుంటే తట్టింది.”

పళ్ళ డాక్టరు నవ్వాడు. “బేస్ వాయించేవాడు రాగం కట్టడమేంటండీ? రేపు కుర్చీ లేచి, పాట నాదే అంటుంది.”

“మా నియమావళి ప్రకారం రాగాలు ప్రధాన గిటారు నుంచే పుట్టాలి,” అన్నాడు లైబ్రేరియన్.

“మాదీ అదే నియమం!” అన్నాడు డాక్టరు.

పదకొండేళ్ళలో మొదటిసారి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. ఒకరినొకరు చూసుకున్నారు. డాక్టరుకు కళ్ళు చెమర్చాయి.

వెనక బెంచీ మీద నుంచి మంద్రయ్య భార్య లేచింది. “అయ్యా, మీ నాలుగు బ్యాండ్లకన్నా ముందు అది మా ఇంట్లో ఉంది. నేను విన్నాను.”

“భార్య సాక్ష్యం చెల్లదమ్మా,” అన్నారు అధ్యక్షులు అనునయంగా. “పైగా విన్నానంటున్నావు. బేస్ అసలు వినపడదని నాలుగు పక్షాలూ రాసి ఇచ్చాయి.”

తీర్పు వెంటనే వచ్చింది. దొంగతనం జరిగిన మాట వాస్తవం. నాలుగు చోట్లా జరిగింది. నాలుగు చోట్లా ఉన్న మనిషి ఒక్కడే. కనుక సదరు రాగం నాలుగు బ్యాండ్ల ఉమ్మడి ఆస్తి అనిన్నీ, మంద్రయ్య దాన్ని ఒక్కొక్కరి దగ్గరా దొంగిలించి మరొకరికి చేరవేశాడనిన్నీ నిర్ధారించి, ఆయనను వేదికల నుంచి బహిష్కరించారు. వయసు దృష్ట్యా మందలింపు మినహాయించారు.

మంద్రయ్య ఇంటికి వచ్చి గిటారును పెట్టెలో పెట్టాడు. మూడు నెలలు తెరవలేదు. “ఒక్కసారి వాయించవూ?” అని భార్య అడిగితే, “చేతికి రావడం లేదే,” అన్నాడు. మోటారు గదుల్లో ఇనుపతాడు ఎక్కడ మూలిగినా ఇప్పుడు వెంటనే గ్రీజు రాసేసేవాడు.

అవతల నాలుగు బ్యాండ్లూ కౌగిలించుకుని ఒకటైపోయాయి. పుర్రెకు దవడ అతికించారు. తొలి ప్రదర్శనకు హాలు నిండింది, కాని జనానికి ఏదో వెలితి. ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి రెండు గంటలు వైర్లు వెతికాడు. నేల గుల్లబారిందేమోనని తట్టి చూశారు. శ్రోతల ఆకలే కారణమని ఒక వైద్యుడు అభిప్రాయపడ్డాడు. చివరికి గడియారాల ముసలావిడే, “ఆ కింద గుమ్‌గుమ్మని ఒకటుండేదే, అదేదీ?” అన్నది. అప్పుడు పాత రికార్డింగుల్లోంచి మంద్రయ్య వాయించిన ముక్కలు ఏరి ఒక యంత్రంలోకి ఎక్కించారు.

యంత్రం చేరింది, వెలితి తీరింది. తర్వాతి పోస్టరులో, మంద్రయ్య ఊసు పదకొండేళ్ళూ లేని చోట, యంత్రం పేరు, తయారీ సంవత్సరం, మోడల్ నంబరుతో సహా పెద్దక్షరాల్లో పడింది. దాని వాయింపులో జీవితానుభవం తొణికిసలాడుతున్నదని ఒక విమర్శకుడు రాశాడు. ఏడాది తిరిగేసరికి ఉత్తమ మంద్రవాద్య పురస్కారం దానికే వచ్చింది.

చిక్కల్లా ఒకటే. పురస్కారం అందుకోవడానికి యంత్రం తనంతట తాను వేదిక ఎక్కలేదు. బరువైనది, సున్నితమైనది. బరువులు దించి ఎక్కించడంలో అనుభవం ఉన్న స్థానికుణ్ణి వెతికి, అధ్యక్షులవారు మంద్రయ్యకు ఉత్తరం పంపారు.

భార్య దాన్ని చదివి కత్తెర బల్ల మీద కొట్టింది. “పోయావంటే చూడు!”

“పోతానే,” అన్నాడాయన. “ఇన్నేళ్ళూ వాయించానే గాని, ఎదురుగా కూర్చుని విన్నది లేదు. ఒక్కసారి వినాలనుంది.”

ఆమె ఉన్నవాటిలో మంచి చొక్కా తీసి ఇస్త్రీ చేసింది. తనూ వెంట బయలుదేరింది.

సభలో అధ్యక్షులు గద్గదస్వరంతో ప్రసంగించారు. “ఈ కళాకారుడు ఏనాడూ సెలవు అడగలేదు. అలిసిపోయానని అనలేదు. అన్నిటికీ మించి, ఇది నాది అని ఒక్కనాడైనా నోరు తెరవలేదు. నేటి యువత దీన్ని ఆదర్శంగా తీసుకోవాలి!”

మంద్రయ్య యంత్రాన్ని జాగ్రత్తగా బల్ల మీద దించి, కిందికి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. మీట నొక్కారు. గిటార్లు లేవు, డోళ్ళు లేవు, అరుపులు లేవు. తొమ్మిది స్వరాలు ఒంటరిగా, నింపాదిగా హాలంతా నిండాయి. దగ్గేవాళ్ళు దగ్గు ఆపుకున్నారు.

“నాలుగో స్వరం దగ్గర కాస్త తొందరపడ్డాను,” అన్నాడాయన మెల్లగా.

“అయినా బాగుంది,” అని ఆమె చేయి పట్టుకుంది.

రాగం ఆగగానే హాలు హాలంతా లేచి నిలబడి యంత్రానికి పది నిమిషాలు చప్పట్లు కొట్టింది. మూడో వరుసలో మీరూ ఉన్నారు. చేతి రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటూ, “అబ్బ, ఏ కంపెనీదండీ అది?” అని పక్కనున్న నన్ను అడిగారు. పోస్టరు చూసి తెలిసిన విషయమే కనుక చెప్పాను.