ఇటుకలు మాత్రం అద్భుతంగా వచ్చాయి

కెమెరా కొన్నవాడు చెడిపోయాడు. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాడు బాగుపడ్డాడు!

ఈ మాట అనగానే మీరు నొసలు ముడివేస్తారు. నిదానంగా ఆలోచించండి. కొన్నవాడికి ఏం సుఖముంది? దాన్ని పెళ్ళిళ్ళకు మోసుకుపోవాలి. పెళ్ళికొడుకు మేనత్త కళ్ళు మూసుకుంటే మళ్ళీ తీయాలి. బంతులన్నీ లేచిపోయాక చల్లారిన పప్పు తినాలి. ఇంతా చేస్తే "నేను నల్లగ వచ్చిన" అని ఎవరో ఒకరు అలుగుతారు. కొననివాడికి ఈ పీడ లేదు. తీయని ఫొటోలో ఎవరూ నల్లగా రారు. ఎవరి కళ్ళూ మూతపడవు.

నమ్మకం కుదరకపోతే నాచారం నాగేందర్ సంగతి వినండి.

నాగేందర్‌ది నాచారం పారిశ్రామికవాడలో సీసా మూతలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ ఉద్యోగం. పొద్దస్తమానం మూతలు చూసి ఇది పాస్, ఇది ఫెయిల్ అంటాడు. ఫెయిల్ అన్నప్పుడే ఆయన మొహంలో కాస్త వెలుగు కనిపిస్తుంది. ఇంటికొచ్చినా ఆ చూపు ఊరుకోదు. భార్య పూర్ణిమ చేసిన జొన్నరొట్టెను పళ్ళెంలో తిప్పి చూసి, "ఒక దిక్కు మందంగున్నది" అంటాడు.

"ఆ దిక్కు నేను తింట. నువ్వు సన్నగున్న దిక్కు తిను" అంటుంది పూర్ణిమ. కాపురం అలా సమంగా సాగుతోంది.

ఇంతటి మనిషికి కెమెరాల మీద మనసు పోవడంలో వింతేముంది? ఆదివారం వస్తే ఉప్పల్ చౌరస్తాలోని ఇరానీ హోటల్లో చేరేవాడు. అక్కడ ఇద్దరు జతగాళ్ళు. ఒకరు బస్ డిపోలో క్లర్కు బాలనర్సింహ, వయసులో పెద్ద, ఏ కెమెరా చూసినా పెదవి విరుస్తాడు. ఇంకొకడు పోచారం క్యాంపస్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే మహిపాల్. విదేశాల కెమెరా పిచ్చివాళ్ళు ఇంటర్నెట్‌లో ఏం రాసుకుంటున్నారో వారమంతా ఆఫీసులో చదివి, ఆదివారం ఈ ఇద్దరికీ ఒప్పజెప్పడం అతని పని. ఫిన్లాండ్‌లో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆయన పిల్లి మీసాలు ఎన్ని కెమెరాల్లో ఎలా వచ్చాయో ఈ ముగ్గురికీ కంఠతా వచ్చు. పక్కింట్లో ఎవరు కిరాయికి దిగారో మాత్రం అడగకండి.

కెమెరా మంచిచెడ్డలు తెలియాలంటే ఇటుక గోడను ఫొటో తీయాలి. ఇది ఆ పెద్దమనుషులు పెట్టిన శాస్త్రం. ఇటుకల గీతలు నిటారుగా వస్తే లెన్స్ మంచిది. ఫొటో నాలుగు మూలల్లోనూ ఇటుక గరుకు కనిపిస్తే ఇంకా మంచిది. మనుషుల్ని తీస్తే ఏం తెలుస్తుంది? మనుషులు కదులుతారు, నవ్వుతారు, అడ్డం వస్తారు. ఇటుక అలా కాదు.

అలాంటి గోడ నాగేందర్‌కు అత్తగారి వైపు నుంచి దొరికింది. పూర్ణిమ తల్లి సత్తమ్మ ఉప్పల్ రోడ్డు మీద పిండి గిర్ని నడుపుతుంది. ముందు రెండు దర్వాజలు. ఒకదాంట్లో మిరపకాయలు, పసుపు పట్టే మిషను. ఇంకోదాంట్లో జొన్నలు, గోధుమలు పట్టే మిషను. రెండు దర్వాజల నడుమ పూత లేని ఎర్రటి ఇటుక గోడ. పైన బోర్డు: శ్రీ ఉప్పలమ్మ పిండి గిర్ని.

గోడకు పూత పెట్టిద్దామని సత్తమ్మ ఒకసారి మేస్త్రీని పిలిచింది. నాగేందర్ పరుగున వచ్చి ఆపాడు. "వద్దత్తమ్మా. ఈ గోడ గిట్లనే ఉండాలె. గిసోంటి గోడ సిటీల ఇంకోటి లేదు."

కట్టిన గోడను మెచ్చుకునే అల్లుళ్ళు ఎంతమందికి దొరుకుతారు? సత్తమ్మ మురిసిపోయి మేస్త్రీని పంపించేసింది. అప్పటినుంచి రెండేళ్ళపాటు ఆదివారమొస్తే ముగ్గురూ గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చునేవారు. తమదో, అడిగి తెచ్చుకున్నదో ఒక కెమెరా పట్టుకుని ఇటుకల్ని తీసేవారు. సత్తమ్మ వాళ్ళకు చాయ్ తెచ్చి ఇచ్చేది. వచ్చినవాళ్ళతో, "మా అల్లుడు గిర్ని ఫొటోలు తీస్తుండు" అని చెప్పుకునేది.

రెండో ఏడు బోనాల పండగ నాడూ అంతే. సత్తమ్మ పట్టుచీర కట్టి, నెత్తిన బోనమెత్తుకుని గిర్ని ముందు నిలబడి పిలిచింది. "అల్లుడా, ఒక్క ఫొటో తియ్యి బిడ్డా."

"జర ఆగత్తమ్మా. ఎండ గోడ మీద మంచిగ వాలింది, ఐదు నిమిషాలు."

బోనం ఆగుతుందా? డప్పులు కదిలాయి, సత్తమ్మ వాటి వెంట కదిలింది. ఎండ మాత్రం గోడ మీద చాలాసేపు ఉంది.

ఆ మరుసటి వారమే ఆ వార్త వచ్చింది. ఒక పెద్ద కంపెనీ కొత్త కెమెరాను ప్రకటించింది. చొక్కా జేబులో పడుతుందట. లోపల బొమ్మను పట్టే సెన్సార్ మాత్రం జేబు కెమెరాల్లో ఎవరూ పెట్టనంత పెద్దదట. చీకట్లోనూ వెలుతురును లాగే లెన్సట. ధర వింటే కూర్చున్నవాళ్ళు లేచి నిలబడాలి.

ముగ్గురూ నాలుగు ఆదివారాలు దాని మీదే కూర్చున్నారు.

"అంత మంచిదేనే, గని కన్ను పెట్టి చూసే కిటికీ లేదు" అన్నాడు బాలనర్సింహ. "కిటికీ లేని ఇల్లు ఎవడన్న కిరాయికి తీసుకుంటడా?"

"వెనక స్క్రీన్ ఉన్నది గదనే" అన్నాడు మహిపాల్.

"ఎండల స్క్రీన్ మీద ఏం కనవడ్తది? నీ మొకం కనవడ్తది."

"నా మొకానికేమైందే?"

"దానికి ఇంట్ల అద్దం సాలు తమ్మీ. గింత ఖర్చెందుకు?"

నాగేందర్ బాధ వేరు. "ఫిన్లాండాయన మూలలు మెత్తగున్నయ్ అన్నడట. మన గోడ మీద పెట్టి చూస్తె గని నేను నమ్మ."

చూశారా, ఎంత వివేకమో! వస్తువు ఇంకా దేశంలో అడుగు పెట్టలేదు. అప్పుడే దాని తప్పులన్నీ తెలుసుకుని ఉన్నారు. పెళ్ళి సంబంధాలకు కూడా మనం ఇంత విచారణ చేయం.

ఇంకో వివేకమైన పనీ జరిగింది. కొత్తది మార్కెట్‌లోకి వచ్చాక పాతదాన్ని ఎవరూ ముట్టుకోరని, నాగేందర్ తన పాత కెమెరాను ముందే ఘట్‌కేసర్‌లో ఒక లెక్చరర్‌కు అమ్మేశాడు. ఇప్పుడు చేతిలో ఏ కెమెరా లేదు. అంటే నిపుణత పూర్తయినట్టే.

సరిగ్గా ఆ రోజుల్లోనే మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారని సత్తమ్మకు నోటీసు వచ్చింది. గిర్ని ముందు భాగమంతా పోతుంది.

పూర్ణిమ రెండుసార్లు మర్యాదగా చెప్పింది, మూడోసారి మర్యాద లేకుండా చెప్పింది. "గిర్ని ఉన్నప్పుడే మా అమ్మను ముంగట నిలవెట్టి ఒక్క ఫొటో తియ్యి. ఫోన్‌తోనన్న తియ్యి."

"ఫోన్‌తోనా?" అన్నాడు నాగేందర్. ఇంటికొచ్చిన చుట్టానికి పాచిపోయిన కూర పెట్టమన్నట్టు అదిరిపడ్డాడు. "గింత పెద్ద సందర్భానికి ఫోనా? కెమెరా వచ్చే నెల దిగుతున్నది. కూలగొట్టేటోళ్ళు అంత తొందరగ వస్తరా? గవర్నమెంటు పని."

అయినా భార్య మాట తీసెయ్యలేక గిర్నికి వెళ్ళాడు. సత్తమ్మ పిండి పడిన చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని నిలబడింది. నాగేందర్ రెండు చేతుల వేళ్ళతో చట్రం కట్టి, ఒక కన్ను మూసి, అందులోంచి చూశాడు. ముందుకు జరిగాడు, వెనక్కు జరిగాడు. ఆమె ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడింది.

"ఎట్లొచ్చిన అల్లుడా?"

"మస్తుగున్నవత్తమ్మా. కెమెరా రాంగనే తీస్త."

కెమెరా ముంబై దాకా వచ్చి ఆగింది. కూలగొట్టే మిషను ఎక్కడా ఆగలేదు. ఒక్క పూటలో దర్వాజలూ బోర్డూ గోడా కుప్పపడ్డాయి. ఇటుకలు ట్రాక్టర్లో వెళ్ళిపోయాయి.

స్థలం పోయినవాళ్ళకు వెనక సందులో దుకాణాలకు మడిగెలు కట్టి ఇస్తామన్నారు. సత్తమ్మ కూతురినీ అల్లుడినీ వెంటపెట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి ఆఫీసరు ఉమామహేశ్వర్, నెమ్మదస్తుడు. కాగితాలన్నీ తిరగేశాడు.

"పన్ను రశీదులున్నయ్, కరెంటు బిల్లులున్నయమ్మా. గని ముంగట ఎన్ని దర్వాజలుండెనో వీటిల లేదు. మావోళ్ళు తీసిన ఫొటోకు లారీ అడ్డమొచ్చింది. రెండు దర్వాజలుంటే రెండు షట్టర్ల మడిగె ఇస్తం. రుజువు లేకపోతే ఒక్క షట్టరే."

ఒక్క షట్టరంటే ఒక్క మిషను. మిరపకాయలు పట్టిన దాంట్లో జొన్నలు పడితే ఆ రొట్టె ఎవరు తింటారు? ఒక మిషను అమ్ముకోవాలి. అంటే సగం గిర్ని పోయినట్టే.

సత్తమ్మ మాత్రం బెదరలేదు. "ఫొటోలకేం కొదువ సారూ? రెండేండ్ల సంది ఐతారమొస్తే మా అల్లుడు గిర్ని ఫొటోలే తీసిండు. ఉప్పల్ల మా గిర్ని దిగినన్ని ఫొటోలు పెండ్లిపిల్ల గూడ దిగదు."

అందరూ నాగేందర్ వైపు చూశారు. నాగేందర్ గోడకు తగిలించిన క్యాలెండర్ వైపు చూశాడు.

ఆ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని అన్నీ తెరిచాడు. ఇటుకలు. పొద్దుటి ఎండలో ఇటుకలు, సాయంత్రపు నీడలో ఇటుకలు, వాన వెలిశాక ఇటుకలు. గోడకు అటు దర్వాజ ఫొటో అంచుకు జానెడు అవతల ఉండేది. ఇటు దర్వాజా అంతే. ఒక్క ఫొటోలో బోర్డు, దర్వాజ పడ్డట్టు గుర్తు. ఫ్రేము వంకర పోయిందని అదే రోజు ఫెయిల్ చేసి తీసేశాడు.

అయినా నిపుణుడు అంత తేలిగ్గా ఓడిపోతాడా? పెద్ద పెద్ద ప్రింట్లు తీయించి, సాక్ష్యానికి జతగాళ్ళిద్దరినీ తీసుకుని, అత్తతో కలిసి మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాడు. ఉమామహేశ్వర్ కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నాడు.

"ఇదేంది?"

"గోడ సార్. మా అత్తమ్మ గిర్ని గోడ."

"ఇది?"

"అదే గోడ సార్. లెన్స్ జర చిన్నగ తెరిచి తీసిన."

"ఇది?"

"ఇంక చిన్నగ తెరిచిన సార్. దీంట్ల మూలలు మంచిగ తేరినయ్, చూడున్రి."

ఆఫీసరు మూలలు చూశాడు. న్యాయంగా మాట్లాడే మనిషి. "ఇటుకలు మాత్రం అద్భుతంగ వచ్చినయ్. దర్వాజలేవి?"

అప్పుడు బాలనర్సింహ, ఇటుకలు లెక్కబెడితే గోడ వెడల్పు తెలిసిపోతుందన్నాడు. లెన్స్ అంచుల్లో గీతలు వంగుతాయి గనక ఆ లెక్క చెల్లదన్నాడు మహిపాల్. వంగే లెన్స్ వద్దని ఆనాడే చెప్పానన్నాడు బాలనర్సింహ. ఆఫీసరు బల్ల ముందే ఇద్దరూ వాదులాడుకున్నారు. వాదనలో సరుకుంది. వినేవాళ్ళకే తీరిక లేదు.

సత్తమ్మ ఒక్కో ప్రింటూ తీసి చూసింది. చివరిది బల్ల మీద పెట్టి, "అల్లుడా, గిన్ని దినాలు నేను మీకు చాయ్ తెచ్చిచ్చిన గద. ఏ దర్వాజలకెళ్ళి వచ్చిన్నో ఒక్కపారి గూడ తిరిగి చూడలేదా?" అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అనుంటే నాగేందర్‌కు కాస్త సులువయ్యేది.

దారి చూపించింది సంతోషి. గాజుల దుకాణం నడిపే మనిషి, ఏళ్ళ తరబడి సత్తమ్మ దగ్గరే పసుపు పట్టించుకుంటుంది. సంగతి విని, "బోనాల నాడు నేను దీసిన గదత్తా" అని ఫోన్ తీసింది. కింద పడి అద్దం పగిలిన ఫోను. జిరాక్స్ దుకాణంలో ప్రింటు తీయించారు.

ఫొటో ఒక పక్కకు ఒరిగింది. ఒక మూల సంతోషి బొటనవేలు పడింది. రంగులు అలుక్కుపోయాయి. కానీ నడుమ నెత్తిన బోనంతో సత్తమ్మ నిలబడి ఉంది. పైన బోర్డు, అటొక దర్వాజ, ఇటొక దర్వాజ, లోపల రెండు మిషన్లు. ఆమె వెనక, గోడకు మొహం పెట్టి, లోకానికి వీపులు పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్న ముగ్గురు మగవాళ్ళు.

ఉమామహేశ్వర్ దర్వాజలు చూసి ముద్ర వేశాడు. తర్వాత ఆ వీపుల మీద వేలు పెట్టాడు. "వీళ్ళెవరు? గోడలకెళ్ళి నీళ్ళు కారుతుండెనా?"

"మా అల్లుడు సారూ. ఫొటోలు తీస్తుండు."

"దేన్ని?"

సత్తమ్మ కొంగు సర్దుకుంది.

కనుక పాఠకులారా, తొందరపడకండి. కొత్త కెమెరా ప్రకటించగానే ఎగబడకండి. కూర్చోండి, బేరీజు వేయండి, ఫిన్లాండ్ పెద్దమనిషి ఏమంటాడో కనుక్కోండి. మీ ఇంటి ముందున్నవి ఎక్కడికి పోతాయి? మీరు తేల్చుకునేదాకా బోనమెత్తుకుని నిలబడే ఉంటాయి.

ఆ కెమెరా చివరికి ఊళ్ళోకి దిగింది. నాగేందర్ దుకాణానికి వెళ్ళి దాన్ని చేతిలో పట్టుకుని చూశాడు. వచ్చే ఏడు దీనికే కిటికీ పెట్టి ఇంకోటి తెస్తారట అని మహిపాల్ ఫోన్ చేయడంతో తిరిగి ఇచ్చేశాడు.

రెండు షట్టర్ల మడిగె నడుస్తోంది. గోడలకు నున్నటి పూత, మీద పచ్చరంగు. సంతోషి తీసిన ఫొటోకు పటం కట్టించి మిషన్ల నడుమ వేలాడదీసింది సత్తమ్మ. ఆ వెనక కూర్చున్నవాళ్ళెవరని పిండికి వచ్చినవాళ్ళు అడిగితే, "గోడకు పూత పెట్టనికొచ్చిన్రు. పెట్టకుండనే పోయిన్రు" అని చెబుతుంది.

మొన్న ఆదివారం ఆమె ఆ మాట చెబుతుంటే నాగేందర్ జొన్నల సంచి పట్టుకుని వరసలోనే ఉన్నాడు. పటం దగ్గరికి వెళ్ళి, తల వంచి చూసి, రెండు చేతులతో చట్రాన్ని సరిచేశాడు. చట్రం నిటారుగా నిలబడింది. లోపల గిర్ని మాత్రం ఒరిగే ఉంది. మళ్ళీ చెయ్యి ఎత్తాడు.

"ఉండనియ్యి అల్లుడా" అంది సత్తమ్మ, మిషన్లో జొన్నలు పోస్తూ. "అది గట్లనే పాసయింది."